లైనింగులో నూట ఎనభై మాత్రలు

పరాయి దేశంలో ఉద్యోగం ఖాయమైందని ఉత్తరం వచ్చిన రోజున మాస్టరమ్మ మొదట చేసిన పని బీరువా తెరిచి మాత్రలు లెక్కపెట్టుకోవడం.

ఆమెను మాస్టరమ్మ అనడానికి కారణం బడి కాదు, బట్ట. రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా కటింగ్ విభాగంలో పనిచేస్తోంది. పొడవాటి బల్ల మీద నలభై పొరల గుడ్డ పరిచి, పైన వేసిన కాగితం మీది గీతల వెంట కరెంటు కత్తిని నడిపించాలి. వెంట్రుకవాసి తప్పినా నలభై చొక్కాలూ ఒకేసారి పాడవుతాయి. ఆ పని చేసే మగవాణ్ణి కటింగ్ మాస్టర్ అంటారు. ఆడమనిషిని ఏమనాలో ఎవరికీ తోచక మాస్టరమ్మ అన్నారు. అదే నిలిచిపోయింది.

ఆమెకు పద్నాలుగో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. అప్పటి నుంచి ఫినోబార్బిటోన్ అనే చిన్న తెల్లమాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. పాతికేళ్ళుగా అన్నం మానేసిన పూటలున్నాయి గానీ మాత్ర మానేసిన పూట లేదు. అందువల్లే గత పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. ఫ్యాక్టరీలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే కరెంటు కత్తి దగ్గరికి రానివ్వరని ఆమెకు తెలుసు.

చేరడానికి ఆరు వారాలు గడువుంది. ఆమె తన డాక్టరు దగ్గరికి వెళ్ళి విషయం చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మంచిదేనమ్మా. కానీ ఈ మందు పాతకాలంది, నిద్రమాత్రల జాతిది. చాలా దేశాల్లో దీని మీద ఆంక్షలుంటాయి. సంచీలో వేసుకుని వెళ్ళిపోయే రకం కాదు. ముందు వాళ్ళ రాయబార కార్యాలయాన్ని అడుగు."

"వేరే మందుకు మార్చెయ్యండి సార్, ఈ ఆరు వారాల్లో."

"పాతికేళ్ళుగా ఒంటికి అలవాటైన మందు. కొంచెం కొంచెంగా తగ్గించాలి. నెలలు పడుతుంది. మార్చేటప్పుడు మధ్యలో ఫిట్స్ వస్తే చూసుకునే మనిషుండాలి. విమానం ఎక్కే ముందు చేసే పని కాదు. వెళ్ళాక అక్కడి డాక్టరు చేతుల మీద జరగనీ."

ఆయన ఉత్తరం రాసి ఇచ్చాడు. జబ్బు పేరు, మందు పేరు, మోతాదు, ఎన్నాళ్ళ నుంచి, అన్నీ. మాస్టరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. తన జబ్బు అంత శుభ్రంగా, టైపు చేసిన అక్షరాల్లో కనిపించడం ఆమెకు కొత్త.

మర్నాడు రాయబార కార్యాలయానికి ఫోన్ చేసింది. ఆ దేశపు భాష ఆమె ఏడాదిగా నేర్చుకుంటోంది. "నాకు మూర్ఛ వ్యాధి ఉంది" అనే వాక్యాన్ని కాగితం మీద రాసుకుని, నాలుగుసార్లు వల్లెవేసి, ఐదోసారి ఫోన్‌లో అంది. అవతలి గుమాస్తా "సరే, మందు పేరు చెప్పండి" అన్నాడు. అంతే. ఆమె ఇంకేదో అంటాడనుకుంది. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది: ముప్పై రోజులకు సరిపడా తెచ్చుకోవచ్చు. మందులు కొన్న డబ్బాలోనే ఉండాలి. డాక్టరు ఉత్తరం చేతిలో ఉండాలి. దిగగానే అధికారులకు చూపించాలి. అంతకు మించి తేకూడదు.

ఆ జవాబును ఇంట్లో చదివి వినిపించింది. ఆమె ఉండేది చెల్లెలి ఇంట్లో. మరిదికి బస్టాండు పక్కన బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేసే కొట్టు ఉంది. జిప్పు చూస్తే చాలు, ఏడాది లోపల ఎప్పుడు ఊడుతుందో చెప్పగలడు.

"ముప్పై రోజులేంటి వదినా! అక్కడ డాక్టరు దొరకడానికే మూడు నెలలు పడుతుందట. విటమిన్ల డబ్బాలో పోసుకుని వెళ్ళండి. ఎవరికి తెలుస్తుంది?"

"దొరికితే?"

"దొరికితే విటమిన్లు అనండి."

"మీ మరిది మాట వినకే అక్కా," అంది చెల్లెలు. "పెట్టె సంగతి అడుగు, చెబుతాడు. పెట్టెలో ఏం పెట్టాలో మాత్రం అడక్కు."

మాస్టరమ్మ నవ్వలేదు. ఆమెకు పౌడరు డబ్బా గుర్తొచ్చింది. ఇరవై మూడో ఏట పెళ్ళి చేసినప్పుడు ఇంట్లోవాళ్ళు జబ్బు సంగతి అవతలివాళ్ళకు చెప్పలేదు. మాత్రలు పౌడరు డబ్బాలో పోసి ఇచ్చారు. ఎవరూ లేనప్పుడు వేసుకోమన్నారు. ఆమె ఏడు నెలలు తలుపు గడియ పెట్టుకుని, నీళ్ళు లేకుండా మాత్ర మింగింది. ఎనిమిదో నెలలో ఆడపడుచు పౌడరు కోసం డబ్బా తెరిచింది. ఆ తర్వాత ఫిట్స్ గురించి కన్నా దాచిపెట్టడం గురించే ఎక్కువ మాటలు పడ్డాయి. ఆ మాటలకు ఆమె దగ్గర సమాధానం లేకపోయింది. సంవత్సరం తిరగకుండానే పుట్టింటికి వచ్చేసింది.

"అరవై మాత్రలు తీసుకెళ్తా," అంది. "డబ్బాతో సహా చేతి సంచీలో పెట్టుకుంటా. అయిపోయేలోపు డాక్టర్ని పట్టుకుంటా."

మరిది ఆమె పెట్టెను కొట్టుకు తీసుకెళ్ళి చక్రాలు మార్చి, పిడి బిగించి తెచ్చాడు.

ప్రయాణం పొద్దున్నే. విమానాశ్రయం గుమ్మం దగ్గర చెల్లెలు కళ్ళు తుడుచుకుంటోంది. మరిది పెట్టెను బండి మీదికి ఎక్కించి, చెవి దగ్గర గొంతు తగ్గించి అన్నాడు.

"వదినా, కోప్పడకండి. పెట్టె అడుగున, లైనింగు వెనక చిన్న జేబు కుట్టాను. నూట ఎనభై ఉన్నాయి. మీ పాత చీటీ మీదే కొన్నాను. మూడు నెలలకొస్తాయి. తెలిస్తే వద్దంటారని చెప్పలేదు."

ఆమె అతని మొహం వంక చూసింది. తిట్టడానికి నోరు తెరిచింది. అతని కళ్ళలో నీళ్ళు చూసి ఊరుకుంది. వెనకనున్నవాళ్ళు బండి జరపమన్నారు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

విమానంలో తొమ్మిది గంటలు కూర్చుంది. ఆ తొమ్మిది గంటలూ ఆమె బుర్రలో రెండు మాటలు వాదులాడుకున్నాయి. తీసుకెళ్తే మూడు నెలలు నిశ్చింత. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియదన్న మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీళ్ళు లేకుండా మాత్ర మింగినట్టు గొంతులో అడ్డం పడేది.

దిగాక మనుషులు రెండు వరుసలుగా విడిపోయారు. చూపించాల్సినవి లేనివాళ్ళు ఒక పక్క, ఉన్నవాళ్ళు ఇంకో పక్క. ఈ రెండో వరుసలో నలుగురే ఉన్నారు. బల్ల వెనక ఉన్న అధికారిణి నడివయసు మనిషి, కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. ఉత్తరం చదివింది. డబ్బా మీది పేరు చూసింది. అరవై మాత్రలు లెక్కపెట్టింది.

"సరిగ్గా ఉంది. ఇంకేమైనా ఉందా?"

మాస్టరమ్మ పెట్టెను బల్ల దగ్గరికి జరిపింది.

"ఉంది," అంది. "పెట్టె లైనింగులో."

అధికారిణి కళ్ళద్దాలు పెట్టుకుని ఆమెను మళ్ళీ చూసింది. ఇంకో ఉద్యోగిని పిలిచింది. పెట్టెను పక్క గదిలోకి తీసుకెళ్ళి, సామాను బయట పెట్టించి, అతను బ్లేడు తీశాడు.

"బ్లేడు వద్దు," అంది మాస్టరమ్మ, ఆలోచించకుండానే. "లైనింగు చిరిగిపోతుంది. చిన్న కత్తెర ఉంటే కుట్టు విప్పుతాను. అది నా పని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అధికారిణి సొరుగులోంచి గోళ్ళ కత్తెర తీసి ఇచ్చి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. మాస్టరమ్మ పెట్టె అడుగున వేలితో తడిమింది. పాత కుట్టు మీదనే, అదే రంగు దారంతో, అవే రంధ్రాల్లో సూది దింపి కుట్టాడు మరిది. కంటికి కనబడదు. పని మాత్రం బాగా చేశాడు, పాడుపిల్లాడు, అనుకుంది. మూడు కుట్లకొకటి తెంపుతూ, దారం లాగుతూ జానెడు మేర విప్పింది. ప్లాస్టిక్ సంచీలో చుట్టిన, పదేసి మాత్రలున్న పద్దెనిమిది అట్టలు బయటికొచ్చాయి.

"ఎవరు కుట్టారు?"

"మా చెల్లెలి భర్త. బ్యాగులు బాగుచేస్తాడు."

"మీకెప్పుడు తెలిసింది?"

"అక్కడ విమానాశ్రయం గుమ్మంలో."

"అప్పుడే ఎందుకు తీసెయ్యలేదు?"

"చేతిలో కత్తెర లేదు," అని, అది పూర్తి నిజం కాదనిపించి మళ్ళీ అంది. "భయం కూడా వేసింది. ముప్పై రోజుల్లో డాక్టరు దొరక్కపోతే ఏం చెయ్యాలని."

అధికారిణి అది కూడా రాసుకుంది. మాస్టరమ్మ నలభై నిమిషాలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. వెనక్కి పంపించేస్తారనుకుంది. జైలనుకుంది. ఉద్యోగం పోయినట్టేనని ఎందుకో ముందే ఒప్పుకుంది. చివరికి అధికారిణి రెండు కాగితాలతో వచ్చింది. ఒకటి హెచ్చరిక, ఒకటి స్వాధీనం చేసుకున్న మాత్రలకు రసీదు. అరవై మాత్రల డబ్బా తిరిగి చేతిలో పెట్టింది.

"మీరే చెప్పారు కాబట్టి హెచ్చరికతో సరిపోయింది. ముప్పై రోజులంటే ఇవాళ్టి నుంచే లెక్క. రేపే డాక్టరుకు ఫోన్ చెయ్యండి. ఎల్లుండి అనకండి."

మర్నాడే ఫోన్ చేసింది. నరాల డాక్టరు ఆరు వారాల తర్వాత గానీ చూడడన్నారు. ముందు మామూలు డాక్టరుకు చూపించుకోమన్నారు. అది తొమ్మిదో రోజుకు దొరికింది.

ఈలోపు పనిలో చేరింది. బడులకూ ఆసుపత్రులకూ యూనిఫారాలు కుట్టే చిన్న కార్ఖానా అది. కింద కటింగ్, పైన కుట్టు. ఆమెకు గది ఇచ్చిన ఇంట్లోనే గుండీల మిషన్ దగ్గర పనిచేసే ఒక పెద్దావిడ ఉంటోంది. ఆవిడదీ వేరే దేశం. ఇద్దరికీ ఆ దేశపు భాష సగం సగమే వచ్చు కాబట్టి ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమయ్యేది. మాస్టరమ్మ ఇనుప జాలీ తొడుగు చేతికి వేసుకుని కరెంటు కత్తి పట్టుకుంది. చేరేటప్పుడు ఇచ్చిన ఫారంలో "యంత్రాలతో పనికి అడ్డువచ్చే జబ్బులేమైనా ఉన్నాయా" అన్న గడిని ఖాళీగా వదిలేసింది. సరిహద్దులో చెప్పిన నిజం ఇక్కడిదాకా రాలేదు.

తొమ్మిదో రోజున డాక్టరు బల్ల మీద ఫోన్ పెట్టి స్పీకరు నొక్కాడు. అందులోంచి ఒక ఆడగొంతు తెలుగులో పలికింది.

"నమస్కారమండీ, నేను దుభాషిని. మీరు చెప్పింది చెప్పినట్టు వారికి చెబుతాను. వారు చెప్పింది మీకు చెబుతాను. నా సొంత మాట ఉండదు."

తొమ్మిది రోజులుగా అరకొర మాటలతో నెట్టుకొస్తున్న మాస్టరమ్మకు ఆ గొంతు వినగానే నోరు ఆగలేదు. పద్నాలుగో ఏడు నుంచి మొదలుపెట్టి, పౌడరు డబ్బా మీదుగా, లైనింగుదాకా చెప్పేసింది. దుభాషి అంతా వరసగా చెప్పుకుపోయింది. పౌడరు డబ్బా దగ్గర మాత్రం ఆమె గొంతు ఒక్క క్షణం ఆగింది. డాక్టరు విని, నరాల డాక్టరుకు అత్యవసరమని ఉత్తరం రాశాడు. ఇరవై మూడో రోజుకు అపాయింట్‌మెంటు దొరికింది. ఫోన్ పెట్టే ముందు దుభాషి గబగబా అంది.

"ఇది నేననకూడదండీ, కానీ ధైర్యంగా ఉండండి."

"ఏమంటోంది ఆమె?" అన్నాడు డాక్టరు.

"వాతావరణం గురించి," అంది మాస్టరమ్మ ఆ దేశపు భాషలో.

నరాల డాక్టరు యువతి. ఉత్తరాలన్నీ చదివి, తలకు తీగలు పెట్టి పరీక్ష చేయించి, పద్ధతి కాగితం మీద గీసి చూపించింది. కొత్త మాత్ర మెల్లగా పెరుగుతుంది, పాతది మెల్లగా తగ్గుతుంది. ఐదు నెలలు. పాతది పూర్తయ్యేవరకూ ఇక్కడి మందుల షాపులోనే చీటీ మీద ఇస్తారు.

"ఈ ఐదు నెలల్లో ఫిట్స్ రావచ్చు. కరెంటు కత్తి ముట్టుకోవద్దు. మీ యజమానికి ఉత్తరం ఇస్తాను. అది చూపించాలా వద్దా మీ ఇష్టం. కత్తి సంగతి మాత్రం మీ ఇష్టం కాదు."

ఉత్తరం రెండు రోజులు సంచీలోనే ఉంది. ఆ రెండు రోజులూ ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో కూర్చుంది. మూడో రోజు యజమానురాలి గదిలోకి వెళ్ళి ఇచ్చింది. ఆవిడ చదివింది.

"ఇది మీరు ఫారంలో రాయలేదు."

"రాయలేదు."

"ఎందుకు?"

"రాస్తే ఉద్యోగం ఇచ్చేవారా?"

"బహుశా ఇచ్చేదాన్ని కాదు," అంది. "ఇప్పుడంటే మీ చేతిపని చూశాను. కానీ మూడు వారాలు మీ పక్కన మనుషులు నిలబడ్డారు. వాళ్ళకు తెలియాల్సింది. అందుకే నాకు కోపంగా ఉంది."

"ఉండాలి," అంది మాస్టరమ్మ. ఈసారి మాటలు పడుతుంటే ఎందుకో తలదించుకోవాలనిపించలేదు. తప్పు జబ్బుది కాదు, ఖాళీగా వదిలిన గడిది. దానికి ఆమె దగ్గర సమాధానం ఉంది. తప్పే.

యజమానురాలు ఆమెను పై అంతస్తులో కాగితపు నమూనాలు గీసే బల్లకు మార్చింది. అక్కడ ఉండేవి పెన్సిలు, స్కేలు, టేపు. ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో ఆ అంతస్తులో ఇంకొకరికి తెలిసి ఉండాలంది. మాస్టరమ్మ గుండీల ఆవిడ పేరు చెప్పింది. ఇంట్లో మంచం మీద కూర్చుని ఆవిడకు వివరించింది: పక్కకు తిప్పి పడుకోబెట్టు, తల కింద మెత్తటిది పెట్టు, చేతులు పట్టుకోకు, నోట్లో ఏమీ పెట్టకు, గడియారం చూడు, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సుకు ఫోన్ చెయ్యి. ఆవిడ వేళ్ళు మడుస్తూ ఆరూ తిరిగి అప్పజెప్పింది.

మందు మార్చడం మొదలైన ఏడో వారంలో వచ్చింది. పదకొండు గంటలప్పుడు మాస్టరమ్మ చొక్కా చేతికి చంక వంపు గీస్తోంది. కాలిన రబ్బరు వాసన వేసింది. ఫిట్స్ వచ్చే ముందు తగిలే ఆ వాసన ఆమెకు పాత పరిచయం. పెన్సిలు కింద పెట్టాలనుకోవడం వరకే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి నేల మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. తల కింద మడిచిన గుడ్డ ఉంది. గుండీల ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని చేతి గడియారం వంకే చూస్తోంది.

"రెండు నిమిషాల పది సెకన్లు," అంది.

నాలుక కొరుక్కుపోయి మంటగా ఉంది. మాట రావడానికి టైము పట్టింది. "ఎవరెవరు చూశారు?"

"అందరూ."

"ఏమన్నారు?"

"ఏమీ లేదు. తర్వాత టీకి వెళ్ళారు. నీకూ తెచ్చారు, చల్లారిపోయింది."

మాస్టరమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఆ చల్లారిన టీ తాగింది. పదకొండేళ్ళు పోగుచేసుకున్నది రెండు నిమిషాల్లో పోయినందుకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. గుండీల ఆవిడ లేచి వెళ్ళి తన మిషన్ దగ్గర కూర్చుంది. కానీ మిషన్ నడపలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్‌లో చెల్లెలికి చెప్పింది. చెల్లెలి చేతిలోంచి మరిది ఫోన్ లాక్కున్నాడు.

"చూశారా వదినా! నా మాత్రలు ఉంచుకుని ఉంటే ఇలా అయ్యేదా?"

"ఉంచుకుని ఉంటే జైల్లో అయ్యేది. నువ్వు వచ్చి గడియారం చూసేవాడివా?"

మాస్టరమ్మే ఉలిక్కిపడింది. మరిదిని నువ్వు అనడం, అంత గట్టిగా అనడం ఆమెకు అలవాటు లేదు. ఆ తర్వాత రోజుల్లో బస్సులో కాలు తొక్కినవాడి మీద, స్కేలు తీసుకుని తిరిగివ్వని కుట్టుమనిషి మీద, అద్దం మీద కూడా ఒంటికాలి మీద లేచింది. చెల్లెలు అనుమానంగా అడిగింది.

"అక్కా, నీకేమైంది? నువ్వు నువ్వులా లేవు. అచ్చం మన పెద్దత్తలా ఉన్నావు."

నరాల డాక్టరు నవ్వకుండా విని, కొత్త మాత్రతో కొందరికి కోపం ఎక్కువవుతుందని చెప్పింది. ముందే అడగాల్సిందంటూ నోట్సులో రాసుకుంది. మోతాదు కొంచెం తగ్గించి, పక్కన ఇంకో చిన్న మాత్ర చేర్చింది. మాస్టరమ్మ మరిదికి ఫోన్ చేసి క్షమించమంది. అతను "అబ్బే, మీ దగ్గర తిట్లు తినడం బాగానే ఉంది వదినా, మీ చెల్లెలికి విశ్రాంతి" అన్నాడు. పెట్టె లైనింగు మళ్ళీ కుట్టించుకున్నారా అని అడిగాడు. అరవై చాలు అన్నప్పుడు నోరెత్తకుండా వెళ్ళి దొంగచాటుగా కుట్టడం తనదే తప్పన్నాడు.

ఐదో నెల చివర పాత తెల్లమాత్ర పూర్తిగా ఆగిపోయింది. మళ్ళీ ఫిట్స్ రాలేదు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే కత్తి ముట్టుకోవచ్చంది డాక్టరు. ఆ మాట యజమానురాలికి చెబితే ఆవిడ, పైబల్ల దగ్గర ఆమె గీసిన నమూనాల వల్ల గుడ్డ మిగులుతోందని, కిందికి పంపే ఉద్దేశం తనకు లేదని అంది. మాస్టరమ్మ ఏడాదయ్యాక వారంలో రెండు రోజులు కింద, నాలుగు రోజులు పైన అని బేరం పెట్టింది. ఆ బేరం పెట్టిన గొంతు తనదేనా అని తర్వాత మెట్ల మీద ఆశ్చర్యపోయింది.

ఆరో నెలలో మళ్ళీ పరీక్షకు వెళ్ళింది. నిద్ర ఎలా ఉంది, తల తిరుగుతోందా, చేతులు వణుకుతున్నాయా అని డాక్టరు ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పింది.

"కోపం?"

ఆ రోజు పొద్దున్నే కింది కటింగ్ వాళ్ళు వంకరగా కోసి పంపిన కాలర్లను ఆమె వాళ్ళ బల్ల మీదే పోసి, మళ్ళీ కోయండని చెప్పి వచ్చింది. వాళ్ళు కోస్తున్నారు.

"తగ్గిందండీ," అంది మాస్టరమ్మ. "కావలసినంత ఉంది."